జొన్నకంకి ఛాప్

చీర ముందుగా ఎక్కడ చిరుగుతుందో మగవాళ్లకు తెలియదు. నేసేది వాళ్లే, మడత పెట్టేది వాళ్లే, గజాల లెక్కన కొలిచి అమ్మేదీ వాళ్లే. అంచు గురించి అడగండి, పొద్దుగూకేదాకా చెబుతారు. కొంగు గురించి అడగండి, అన్నం మానేసి చెబుతారు. కానీ తొమ్మిది గజాల చీరను కాసెపోసి కట్టి పొద్దంతా చేలో వంగి లేచే ఆడమనిషికి ఆ చీర అంచు దగ్గరా చిరగదు, కొంగు దగ్గరా చిరగదు. కాళ్ల మధ్య నుంచి వెనక్కి తీసి దోపుకునే చోట, కూర్చుంటే నేలకు ఒరుసుకునే చోట చిరుగుతుంది. మిగతా చీరంతా నిగనిగలాడుతుండగానే ఆ ఒక్కచోటు జల్లెడ అవుతుంది. ఈ సంగతి ఆడవాళ్లందరికీ తెలుసు. అయితే ఏ దుకాణంలో, ఏ శేట్ ముందు నిలబడి చెబుతారు?

దాజీ పేటలో అంబాదాసు పెళ్లాం చంద్రభాగ కూడా ఎవరికీ చెప్పలేదు. ఊరుకోనూ లేదు, కండె చుట్టింది.

నేత ఇళ్లలో అడ్డంగా నడిచే పేక దారాన్ని కండెలకు చుట్టడం ఆడవాళ్ల పని కదా. రాట్నం ముందు కూర్చుని, కొన్ని కండెలకు ఒక పోగుకు బదులు రెండు పోగులు జతచేసి చుట్టింది. గుంట మగ్గంలో కాళ్లు దింపి నేస్తున్న మొగుడికి, చీర నడిమికి వచ్చే వేళకు ఆ కండె అందించి, "ఇప్పటి సంది ఇది వెయ్యి, నేను ఆపమన్నదాక" అంది.

అంబాదాసు కండెను, పడుగులో అటూ ఇటూ విసిరే నాడెలో పెట్టి కొంచెం నేసి, గుడ్డను బొటనవేలితో తడిమాడు.

"ఏందే ఇది? దొడ్డు పడుతున్నది. శేట్లు చూస్తే మొఖం మీద కొడ్తరు."

"కనవడే జాగ కాదది."

"మరి ఏ జాగ?"

"నీకెందుకు? వెయ్యమన్న గదా, వెయ్యి."

అతనికి కాసేపటికి గాని అర్థం కాలేదు. అర్థమయ్యాక చెవులు ఎర్రబడ్డాయి. తల వంచుకుని నాడె విసిరాడు.

మొదటి చీర చంద్రభాగ తానే కట్టింది. తర్వాత ఇరుగుపొరుగు వాళ్లు కట్టారు. వానలు వచ్చిపోయాయి, చలి వచ్చింది, చీరల రంగు వెలిసింది గాని ఆ చోట మాత్రం చిరగలేదు. నల్లా దగ్గర బిందెలు వరసలో పెట్టి ఆడవాళ్లు గుసగుసగా అడగసాగారు. "చంద్రక్కా, నాకొకటి నేపియ్యవా, గదే, గా చీర." దానికి పేరు లేదు. పేరు పెట్టి అడిగే సంగతా అది?

ఆ గుసగుసల్లోనే చంద్రభాగకు ఆశ పుట్టింది. ఎన్నాళ్లు ఇంకొకరి ఛాప్ కింద నేయడం? ఛాప్ అంటే చీర మడత మీద అతికించే బొమ్మ కాగితం. బజారుకు వచ్చే పల్లె ఆడవాళ్లకు అక్షరాలు రావు, బొమ్మే వాళ్లకు పేరు. ఏనుగు ఛాప్ ఇవ్వు, నెమలి ఛాప్ ఇవ్వు అని వేలు చూపించి అడుగుతారు. అంబాదాసు కులదైవం మార్కండేయుడి బొమ్మ వేయిద్దామన్నాడు. ఆమె ససేమిరా అంది.

"దేవుని బొమ్మ చినిగి కాళ్ల కింద పడ్తది, పాపం. జొన్నకంకి వేయించు. చేన్ల పనిచేసేటోళ్లకు కంకి కంటె దగ్గరి దేవుడెవరు?"

అచ్చాఫీసు నుంచి కాగితాలు వచ్చిన రోజు ఆమె ఒకటి తీసి గోడకు అతికించింది. పచ్చటి కంకి, రెండు ఆకులు. అన్నం వండుతూ చూసింది, కండె చుడుతూ చూసింది. అత్త సీతాబాయి నవ్వి, "కన్నబిడ్డను గూడ ఎవ్వరు గిట్ల సూడరు గదనే" అని ఎకసెక్కం చేసింది.

ఇక బోణీ ఎవరు చేయాలి? ఆ మాట మీద ఇంట్లో వాదన పుట్టనే లేదు. పేటలో ఎవరు కొత్త దుకాణం పెట్టినా బోణీ చేసేది పెంటప్ప శేటే.

పుట్టిన పిల్లలు దక్కకపోతే పెంట మీద పడుకోబెట్టి తీసి పెట్టిన పేరది. ఆ పేరుతోనే నిజాం రాజ్యం నుంచి ఈ మరాఠీ ఊరికి నడిచొచ్చి, ఒక్క గుంట మగ్గంతో మొదలుపెట్టి, ఇవాళ కొంతం చౌక్‌లో నెమలి ఛాప్ దుకాణానికి, వెనక కార్ఖానాకు యజమాని అయ్యాడు. అయినా తలపాగా మారలేదు, మాట మారలేదు. కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్లు వెళ్తే కూర్చోబెట్టి చాయ్ ఇప్పించి బుద్ధులు చెబుతాడు. ఆయన చెయ్యి మంచిదని అందరికీ నమ్మకం. ఆ చెయ్యి పడితే బరకత్, ఇక అన్నీ కలిసొస్తాయి అంటారు.

మొగుడూ పెళ్లాం ఇద్దరూ తాంబూలం పట్టుకుని వెళ్లారు. పెంటప్ప ఛాప్ కాగితాన్ని వెలుతురుకు పట్టి చూశాడు.

"బొమ్మ మంచిగున్నది. ఎవరి తెలివి?"

అంబాదాసు పెళ్లాం వైపు చూశాడు. పెంటప్ప తల ఊపాడు.

"ఇను బిడ్డా. ధర నువ్వు ముందు చెప్పకు, కొనేటోళ్లతోని చెప్పియ్యి. నాలుగు రంగులకంటె ఎక్కువ పెట్టకు, మనసు చెదురుతది. ఉద్దెరడిగితే నవ్వుకుంట కాదను. మరి నీ చీరల ఏముందని నీ దగ్గరికి రావాలె?"

అంబాదాసు మళ్లీ పెళ్లాం వైపు చూశాడు. తలుపు చాటు నుంచి చంద్రభాగ, "మన్నుతది బాపూ. ఎక్కువ దినాలు మన్నుతది" అంది.

"మన్నిక! అసలు వ్యాపారం గదే" అన్నాడు పెంటప్ప. "మంగళారం బజారు దినం పెట్టుండ్రి. బోణీకి నేనొస్త. మన పోరలకు నేను రాకపోతే ఎవరొస్తరు?"

దారి పొడుగునా అంబాదాసు కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు. పెద్దల మాట చద్దిమూట అని ఊరికే అన్నారా అన్నాడు. చంద్రభాగ కూడా అవునంది. ఆ రోజు ఆమె మనసులో ఇంకో మాట లేదు.

మంగళవారం పొద్దున అరుగు అలికి, బల్ల వేసి, తెల్ల దుప్పటి పరిచారు. చీరలు నాలుగు రంగుల వరసలో పేర్చారు. ప్రతి మడత మీదా కంకి బొమ్మ. మిల్లు కూత, ఆ భోంగా మోగకముందే పల్లె బండ్లు పేట దాటి బజారు వైపు వెళ్లసాగాయి. ఒక బండి ఆగింది. దాని వెనక ఇంకొకటి ఆగింది. దిగిన ఆడవాళ్లు అరుగు చుట్టూ మూగారు.

"కొంచెం కూసోండ్రి" అంది సీతాబాయి మరాఠీలో. "ఇంక బోణీ కాలే. శేట్ వస్తున్నడు."

బోణీ అంటే ఎవరికైనా తెలిసిందే. వాళ్లు అరుగు కింద కూర్చుని తమలపాకులు తీశారు. ఒకామె మాత్రం ఊరుకోక పైచీర ఒకటి విప్పి, గుడ్డను వేళ్ల మధ్య జార్చుకుంటూ పోయింది. నడిమికి వచ్చేసరికి వేళ్లు ఆగాయి. మళ్లీ వెనక్కి తడిమింది, ముందుకు తడిమింది. పక్కనున్న ఆమె చెవిలో ఏదో చెప్పింది. ఇద్దరూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని కిలకిల నవ్వారు. ఆ చీర చేతులు మారుతూ పోయింది, నవ్వూ దానితోపాటే పోయింది. ఒక ముసలామె చంద్రభాగ వైపు చూసి కన్నుగీటింది.

చంద్రభాగకు కడుపు నిండిపోయింది. ఒక్క మాట చెప్పలేదు, ఒక్క మాట అడగలేదు, వాళ్లకు తెలిసిపోయింది. ఇంకేం కావాలి? ఈ నవ్వు బండ్లెక్కి ఊళ్లకు పోతుంది, కంకి బొమ్మను వెంట తీసుకుని పోతుంది. ఆమెకు ఏడుపొచ్చింది, ఆపుకుంది.

పెంటప్ప వచ్చాడు. వెంట గుమాస్తా వాసుదేవ్, అతని వెనక ఒక హమాలీ. హమాలీ ఎందుకో చంద్రభాగకు తట్టలేదు. కొబ్బరికాయ కొట్టారు, హారతి తిప్పారు. పెంటప్ప బల్ల ముందు కూర్చుని ఒక చీర ఒళ్లోకి తీసుకుని విప్పసాగాడు. ఆయనవీ నేతగాడి వేళ్లే. జంటపోగు దగ్గర అవీ ఆగాయి. ఆయన అంబాదాసు వైపు చూడలేదు. తల ఎత్తి చంద్రభాగ వైపు ఒక్కసారి చూశాడు, మళ్లీ చీరలోకి చూశాడు.

"అంబాదాసూ, నా చెయ్యి మంచిదంటరు గదా? ఒక్క చీర కొనిపోతె ఏం ముచ్చట? ఉన్నయన్ని నాకే కట్టు."

 అంబాదాసు ఆయన కాళ్ల మీద పడ్డాడు. సీతాబాయి చేతులెత్తి మార్కండేయుడికి దండం పెట్టింది. బోణీ బేరంలోనే దుకాణమంతా ఖాళీ! ఎవరైనా కన్నారా, విన్నారా?

చంద్రభాగ ముందుకు వచ్చింది. "బాపూ, కొన్ని ఉంచుకుంటం. పాపం వాళ్లు పొద్దటి సంది కూసున్నరు."

"నోరు మూయి!" సీతాబాయి చెయ్యి గిల్లింది. "బోణీ నోటికి కాదంటారే? ఇల్లు నాశనం చేస్తవా ఏంది?"

పెంటప్పకు కోపం రాలేదు. నవ్వాడు. "కోడలుకు ఎవుసమోళ్ల మీద జాలి. మంచిదే. మళ్ల వారం కూడ బజారుంటది బిడ్డా."

వాసుదేవ్ పైకం లెక్కపెట్టి ఇచ్చాడు. ఒక్క దమ్మిడీ తక్కువ లేదు. హమాలీ మూటలు ఎత్తుకున్నాడు. అరుగు కింది ఆడవాళ్లు మోకాళ్ల మీద చేతులూని లేచారు. "అంతా శేట్‌కేనా? మరి మమ్మల్నెందుకు కూసోబెట్టినవ్ బాయి?" అని సీతాబాయి మీద విసుక్కుని బండ్లెక్కారు. కన్నుగీటిన ముసలామె మాత్రం వెనక్కి తిరిగి చూస్తూ పోయింది. ఒక్క కంకి బొమ్మ కూడా ఏ ఊరికీ పోలేదు.

ఆ వారమంతా అంబాదాసు నేల మీద నిలవలేదు. ఎదురైనవాడికల్లా చెప్పాడు. చంద్రభాగ జంటపోగు కండెలు చుడుతూనే ఉంది గాని, మనసులో ఏదో గీరుకుంటోంది. అన్నీ అమ్ముడుపోయినందుకు ఏడ్చేవాళ్లుంటారా అని తనను తానే తిట్టుకుంది.

గురువారం పెంటప్ప మనిషిని పంపాడు, ఒకసారి అంబాదాసు కార్ఖానాకు వచ్చిపొమ్మని. పోయివచ్చాడు. ఏమిటంటే, "ఊరికెనే, మాట్లాడనీకి" అన్నాడు. ఆ మనిషికి అబద్ధం చెప్పడం రాదు, చెప్పినప్పుడల్లా మెడ గోక్కుంటాడు. ఇవాళ కూడా గోక్కున్నాడు. ఆమె గమనించింది.

తర్వాతి సోమవారం పసుపు, సాంబ్రాణి కొనడానికి ఆమె కొంతం చౌక్ వెళ్లింది. నెమలి ఛాప్ దుకాణం ముందు ఆడవాళ్ల గుంపు. పల్లెవాళ్లు, మిల్లులో పనిచేసేవాళ్లు, ఒకరిని ఒకరు తోసుకుంటున్నారు. లోపల వాసుదేవ్ చీర ఒకటి విప్పి రెండు చేతులా పట్టుకుని గుంజి చూపిస్తున్నాడు.

"మా శేట్ అక్కచెల్లెండ్ల కష్టం చూసి కనిపెట్టిన చీర! గట్టిది! ఎక్కడ గట్టిగుండాల్నో అక్కడ గట్టిది! ఇంటికి పోయి మీరే చూసుకోండి, నేను చెప్పను!"

ఆడవాళ్లు ముసిముసిగా నవ్వారు. ఆ నవ్వు చంద్రభాగకు తెలుసు, ఆ రోజు అరుగు కింద విన్నదే.

ఆమె మందిని తోసుకుని ముందుకు పోయి మడత మీద చెయ్యి వేసింది. నెమలి. పింఛం విప్పిన నీలి నెమలి కాగితం, కొత్త జిగురుతో ఇంకా బిరుసుగా ఉంది. దాని అంచు కింద నుంచి సన్నగా, పచ్చగా ఒక ఆకు కొన కనబడుతోంది. ఆమె గోటితో ఆ ఆకును తడిమింది.

"కొంటవా అమ్మా? కొనకపోతె జరుగు, ఎనకోళ్లకు చోటియ్యి" అన్నాడు వాసుదేవ్. అతను ఆమెను గుర్తుపట్టాడు. అందుకే మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"నాదిది" అని అరవాలనిపించింది. అరిచి ఏం చెబుతుంది? ఎందుకు రెండు పోగులు వేసిందో, ఆ ఆలోచన ఎక్కడ పుట్టిందో ఆ మగవాళ్ల ముందు, నడిబజారులో చెప్పాలి.  శేట్ కనిపెట్టాడంటే అది జాలి అయింది. తాను చెబితే సిగ్గుమాలినతనం అవుతుంది. పసుపు కొనడం మరిచిపోయి ఇంటికి వచ్చింది.

అంబాదాసు పడుగులో తెగిన పోగులు అతుకుతున్నాడు.

"కార్ఖానల ఏం చూపిచ్చినవ్?"

అతని చెయ్యి మెడ మీదికి పోయింది. "పెద్దమనిషి. బోణీ చేసిండు. ఎట్ల వేస్తవో మా పనోళ్లకు ఒక్కసారి చూపియ్యి అంటె ఎట్ల కాదనాలె?"

"కండె గూడ చుట్టి చూపిచ్చినవా?"

"చుట్టిన."

"ఎక్కడి సంది ఎక్కడిదాక వెయ్యాల్నో గూడ?"

అతను పోగు అతకడం మానేసి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. ఆమె అతన్ని తిట్టలేదు. తిడితే కొంత భారం దిగేదేమో. సొమ్మొకరిది సోకొకరిది అంటారు కదా. ఇక్కడ సొమ్మును మొగుడే చేతులారా మోసుకెళ్లి ఇచ్చి, దండం పెట్టి మరీ వచ్చాడు. ఆమె పొయ్యి ముందు కూర్చుని గోడ మీది కంకిని చూడకుండా వంట చేసింది.

మర్నాడు పొద్దున్నే పెంటప్ప ఇంటికి ఒక్కతే పోయింది. ఆయన గద్దె మీద ఉన్నాడు. ఎదురుగా కుంఠా నాకా నుంచి వచ్చిన దత్తాత్రి, మీసం నెరుస్తున్న మనిషి, ఒళ్లో ఒక దుప్పటి పెట్టుకుని వినయంగా కూర్చున్నాడు. ఆ దుప్పటికి రెండు వైపులా రెండు రంగులున్నాయి.

"ధర నువ్వు ముందు చెప్పకు" అంటున్నాడు పెంటప్ప. "కొనేటోళ్లతోని చెప్పియ్యి. ఉద్దెరడిగితే నవ్వుకుంట కాదను. బోణీకి నేనొస్త, నువ్వు ఫికర్ చెయ్యకు."

అవే మాటలు, అదే వరస. చంద్రభాగకు ఒళ్లు మండిపోయింది. గుమ్మంలోనే నిలబడి అడిగేసింది.

"బాపూ, నా కంకి మీద నీ నెమలిని ఎందుకు కూసోబెట్టినవ్?"

దత్తాత్రి ఉలిక్కిపడ్డాడు. పెంటప్ప ఉలిక్కిపడలేదు.

"రా బిడ్డా, కూసో. నీళ్లు తాగు. కొన్న మాల్ ఎవరిది చెప్పు?"

"నీదే."

"పైసలు అందినయా?"

"అందినయి."

"మరి అన్యాలం ఏడ జరిగింది?"

అదే తంటా. ఎక్కడ జరిగిందో చూపించడానికి చోటు లేదు. పైకం చేతికొచ్చింది, మాట మెత్తగా ఉంది, దీవెన దొరికింది. ఆమె కాసేపు వెతుక్కుని, "నా పేరు" అంది.

పెంటప్ప నవ్వాడు. అది వెక్కిరింత కాదు, చదువు మొదలుపెట్టిన పిల్లను చూసి పంతులు నవ్వే నవ్వు.

"నేను గీ ఊరికొచ్చిన కొత్తల ఒక వ్యాపారి నా మాలంత బోణీల్నే ఎత్తుకపోయిండు. ఏండ్లకేండ్లు ఆయన ఛాప్ కిందనే నేసిన. ఏడ్సిన. ఏడ్సుకుంట నేర్సుకున్న. నాకు అన్నేండ్లు పట్టిన సంగతి నీకు పది దినాలల్ల నేర్పిన. దండం పెట్టాల్సింది పోయి కొట్లాటకొస్తవా?"

ఆయన ఆ మాట నమ్మే అంటున్నాడు. కళ్లలో కపటం లేదు. అది చూసి ఆమెకు మొదటిసారి భయం వేసింది.

"అంత ఏడ్సినోనివి, మళ్ల మమ్మల్ని ఏడ్పిస్తవా బాపూ?"

"నాకు ఎవరు ఇయ్యంది నేను నీకు ఏడికెల్లి తెచ్చి ఇయ్యాలె?" అని పెంటప్ప గొంతు తగ్గించాడు. "ఇను. అంబాదాసును కార్ఖానల పనోళ్ల మీద ముకద్దం చేస్త. నువ్వు కండెలు చుట్టియ్యి, నీకు వేరే పగార్. ఇంటికి ఇద్దరి సంపాదన. ఛాప్ అంటె బొమ్మ కాదు బిడ్డా, దాని ఎనక ఉన్న బలం. బలం వచ్చినంక పెట్టుకో నీ కంకి."

చంద్రభాగ దత్తాత్రి వైపు తిరిగింది. "అన్నా, బోణీకి ఎవరినన్న పిలువు. తొవ్వల పోయేటోన్ని పిలువు. ఈయన్ని పిలువకు."

దత్తాత్రి ఒళ్లోని దుప్పటిని సర్దుకున్నాడు. ఆమె మొహం చూడకుండా, "శేట్ చెయ్యి మంచిదమ్మా" అన్నాడు.

ఆమె బయటికి వచ్చేసింది.

అంబాదాసు ముకద్దం పనిలో చేరాడు. రెండు రోజులు ఊగిసలాడి, మూడో రోజు తలపాగా చుట్టుకుని పోయాడు. "మనం పట్టుబట్టి ఏం గెలుస్తమే? పగార్ చేతికొస్తది, నిమ్మళం" అన్నాడు. ఆమె పొమ్మనలేదు, వద్దనలేదు. అతను వీధి మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి, చీర కుచ్చెళ్లు బిగించుకుని గుంటలోకి కాళ్లు దింపింది.

నేయడం ఆమెకు కొత్త కాదు, పొద్దంతా నేయడం కొత్త. తొక్కుడుకర్రలు మొగుడి కాళ్ల పొడవుకు కట్టినవి, తాళ్లు కుదించి కట్టుకుంది. మొదటి గుడ్డ వదులుగా పడితే విప్పి మళ్లీ నేసింది. సీతాబాయి రాట్నం ముందు కూర్చుని గొణుగుతూనే జంటపోగు కండెలు చుట్టి ఇచ్చింది. భుజాలు వాచాయి. పల్లె నుంచి వచ్చే బండ్ల చప్పుడు వినబడినప్పుడల్లా చంద్రభాగ నాడె ఆపి వినేది. ఇప్పుడు బోణీకి ఎవరినీ పిలవదు. మొదట ఎవరు అరుగెక్కితే వాళ్లకే మొదటి చీర. ఒక్క బొమ్మ ఒక్క ఊరికి పోయినా చాలు, మిగతాది ఆ చీరే చెప్పుకుంటుంది. ఆ నమ్మకం మీదే నేసింది. పగార్ ఇంట్లోకి వస్తున్నా ఆ నమ్మకం లేకపోతే ఆమెకు ముద్ద దిగేది కాదు.

చీరలు కొన్ని పోగయ్యాక, ఒక మంగళవారం మళ్లీ అరుగు అలికింది. అంబాదాసు కార్ఖానాకు పోతూ బల్ల మాత్రం బయట పెట్టిపోయాడు. కంకి బొమ్మలు అతికించి, నాలుగు రంగులూ వరసగా పేర్చింది.

మొదటి బండి దాటిపోయింది. రెండోది ఆగింది. దిగిన ఆమెకు యాభై ఏళ్లుంటాయి. నల్లటి మనిషి, నుదుట పచ్చబొట్టు తప్ప బొట్టు లేదు. బండిలో వెనక నలుగురైదుగురు ఆడవాళ్లు ఉన్నారు. "గంగుబాయి, జల్దీ రా!" అని వాళ్లు కేకేశారు.

సీతాబాయి కోడలి కొంగు లాగింది. "విధవరాలే! దాని చేతి బోణీనా? జర ఆగమను. ఎవరన్న ముత్తైదువ వచ్చినంక ఇద్దువు."

"మంచి చేతుల బోణీ చూసిన గదా అత్తా! చాలు" అంది చంద్రభాగ. "రా అక్కా, కూసో. నువ్వే బోణీ."

గంగుబాయి ఆశ్చర్యపోయింది. ఏ దుకాణంలోనూ ఆమెను ముందు పిలిచినవాళ్లు లేరు కాబోలు. అరుగు మీద మెల్లగా కూర్చుని ఒక చీర విప్పింది. వేళ్లు జారుతూ జారుతూ నడిమికి వచ్చి ఆగాయి. ఆమె మొహం విప్పారింది. 

"హా, ఇదే. ఈ గట్టి చీరే" అంది గంగుబాయి మరాఠీలో. తాను కట్టుకున్న చీరను చూపించింది. "నేను కట్టింది కూడా ఇదే. శేట్ చీర." తర్వాత మడత తిప్పి బొమ్మ చూసింది. మొహంలో వెలుగు తగ్గింది. "ఇదేంటి? దీని మీద నెమలి లేదే?"

"ఇది కంకి అక్కా. జొన్నకంకి ఛాప్."

"అంటే నకలీనా?"

చంద్రభాగకు ముందు ఆ మాట లోపలికి పోలేదు. పోయాక గంగుబాయి చేతిలోని చీర కొస పట్టుకుంది.

"నకలీ కాదు అక్కా! ఇదే అసలు. ఈ జంటపోగు నేను మొదలుపెట్టిన. శేట్ నా దగ్గర కొనుక్కపోయి..."

గంగుబాయి నవ్వింది. మంచి నవ్వే, చెడ్డ మనసేమీ లేదు. "నకలీ అమ్మేవాళ్లంతా అదే అంటారు బాయి. గాజులోడూ అంటాడు, అత్తరోడూ అంటాడు. పెద్ద దుకాణం వాడు వచ్చి నీ అరుగు మీద నేర్చుకున్నాడా?" చీర మడత పెట్టి, మోకాళ్ల మీద చేతులూని లేవబోయింది. "నాకు నెమలిదే కావాలి. చౌక్‌కు పోతా."

"ఓయమ్మో, పోతున్నదే!" సీతాబాయి కోడలి రెక్క పట్టి ఊపింది. "పోనియ్యకే! బోణీ మనిషి ఒట్టి చేతుల్తోని దిగిపోతె ఇగ దినమంత ఎవ్వరు ఎక్కరు. ఏదో ఒకటి చెప్పు!"

గంగుబాయి ఒక కాలు కింద పెట్టింది. ఆగి, వెనక్కి తిరిగి, బేరగత్తె చూపుతో చీరను మళ్లీ చూసింది. "నకలీదని ఒప్పుకుని ధర తగ్గిస్తే తీసుకుంటా. చేలోకి కట్టడానికి ఏదైతేనేం. కానీ అసలు అని చెప్పి అసలు ధర అడగొద్దు. నేనేం పిచ్చిదాన్నా?"

బండిలో ఆడవాళ్లు మెడలు చాచి చూస్తున్నారు. చంద్రభాగ వాళ్ల వైపు చూసింది, బల్ల మీది చీరల వైపు చూసింది. వాచిన భుజాలు ఒక్కసారిగా సలిపాయి. కాదంటే ఈ బండి పోతుంది. ఈ బండితోపాటు ఇవాళ పోతుంది, వచ్చే మంగళవారం కూడా పోతుంది. మగ్గం గుంటలోకి మళ్లీ దిగే కాళ్లుండవు. అప్పుడు పెంటప్ప అన్నదే నిజమవుతుంది.

"ఆగు అక్కా" అంది. "నకలీదే. తీసుకపో."

గంగుబాయి తృప్తిగా తలూపి, కొంగు ముడి విప్పి పైసలు చేతిలో పెట్టింది. చంద్రభాగ వాటిని కళ్లకద్దుకుంది, అలవాటు కొద్దీ చెయ్యి అలా పోయింది. గంగుబాయి అరుగు దిగుతూనే బండి వైపు తిరిగి గొంతెత్తింది.

"రండే! శేట్ చీరకు నకలీ ఇక్కడ దొరుకుతోంది! అచ్చం అలాగే ఉంది, ధర తక్కువ!"

బండి ఖాళీ అయింది. వాళ్ల వెనక ఇంకో బండి ఆగింది. విధవ చేతి బోణీకి ఇంత బరకతా అని సీతాబాయి నోరు వెళ్లబెట్టి, చెంపలేసుకుని, చీరలు అందించడంలో పడింది. ఆడవాళ్లు తడిమారు, నవ్వుకున్నారు, బొమ్మను బాగా చూసి గుర్తుపెట్టుకున్నారు. "కంకి బొమ్మ ఉంటే నకలీ, మరిచిపోకు" అని ఒకామె తన చెల్లెలికి చెప్పింది. మధ్యాహ్నం భోంగా మోగేసరికి బల్ల మీద తెల్ల దుప్పటి తప్ప ఏమీ మిగల్లేదు. జొన్నకంకి ఛాప్ ఆ పూట ఏడెనిమిది ఊళ్లకు పోయింది.

ఆలస్యంగా వచ్చిన ఒక పిల్లతల్లి ఖాళీ బల్ల చూసి చిన్నబోయింది.

"అన్నీ అయిపోయాయా బాయి? వచ్చే బజారుకు ఉంటాయా, ఆ నకలీ చీరలు?"

చంద్రభాగ దుప్పటి దులిపి మడత పెట్టింది.

"ఉంటయి చెల్లె" అంది. "నకలీవి ఇక్కడనే దొరుకుతయి."